పెద్ద తెరలు బాగున్నాయి, కానీ ఈ కోర్సులో అసలు సరుకు పక్క గదిలో ఉంది

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను: నేవీలో ఆఫీసర్ కాబోయేవాళ్లకి ఈ బ్రిడ్జ్ సిమ్యులేటర్ కోర్సు (బ్రిడ్జ్ అంటే ఓడని నడిపే గది, దాని నకలులో నేర్పిస్తారు) పనికొస్తుంది, అవకాశం వస్తే వదులుకోకండి. కానీ బ్రోషర్‌లో ఫొటో వేసిన ఆ అర్ధచంద్రాకారపు పెద్ద తెరని చూసి మురిసిపోయి వెళ్లకండి. దాని పక్కన కిటికీ కూడా లేని చిన్న గది ఒకటి ఉంటుంది. ప్రతి ఎక్సర్‌సైజూ అయ్యాక అందర్నీ అక్కడ కూర్చోబెట్టి, జరిగిందంతా మాటలతో సహా మళ్లీ వేసి చూపిస్తారు. నా వరకూ కోర్సంటే ఆ గదే, మిగతాదంతా అక్కడికి చేరడానికి చేసే హడావుడి.

నేను నేవీ మనిషిని కాను, సరుకు ఓడల మీద డెక్ ఆఫీసర్‌ని. మా బ్యాచ్‌లో సగం మంది నాలాంటి మర్చంట్ వాళ్లు, మిగతా సగం నేవీ ట్రెయినీలు. ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టడం కావాలనే చేశారట, మంచి పని చేశారు, ఎందుకంటే రేపు సముద్రంలో వాళ్లకి ఎదురొచ్చేది మేమే కదా. సంస్థ పేరు రాయట్లేదు. కింద తిట్టినవి కూడా ఉన్నాయి, పైగా ఇలాంటి కోర్సులు ఎక్కడైనా దాదాపు ఒకే మూసలో నడుస్తాయి కాబట్టి పేరు తెలిసినా తెలియకపోయినా మీకు తేడా ఏమీ ఉండదు.

గది సంగతి త్వరగా చెప్పేస్తా. నిజం బ్రిడ్జ్ ఎంత ఉంటుందో దాదాపు అంత ఉంది. మధ్యలో స్టీరింగ్, పక్కన ఇంజిన్ లివర్లు, రెండు రాడార్లు, ఎలక్ట్రానిక్ చార్ట్ స్క్రీను, వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు, వెనక చార్ట్ టేబుల్, దాని మీద ఎర్ర లైటు. నేల కదలదు. అయినా తెర మీద ఓడ ఒక పక్కకి ఒరిగితే గదిలో అందరూ రెండో పక్కకి ఒరుగుతారు, బయటినుంచి చూస్తే నవ్వొస్తుంది. కొంతమందికి కడుపులో తిప్పుతుంది, కళ్లేమో కదిలామంటాయి, చెవిలోపలి బ్యాలెన్సేమో కదల్లేదంటుంది, ఆ గొడవ వల్ల. అలా అయితే కాసేపు తెర వదిలేసి గదిలో కదలని వస్తువు ఏదైనా చూడండి, తగ్గుతుంది. పగటి దృశ్యాల్లో నీళ్లు ప్లాస్టిక్ షీటులా ఉన్నాయి, తీరం మీద చెట్లన్నీ ఒకటే చెట్టు. రాత్రి దృశ్యాలు మాత్రం చాలా బాగా చేశారు, నిజానికి పరీక్షంతా రాత్రుళ్లే కాబట్టి డబ్బు పెట్టాల్సిన చోటే పెట్టారనుకోవాలి.

రాత్రి సముద్రంలో ఓడ కనబడదు, దీపాలే కనబడతాయి. ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, పైన మాస్ట్ మీద తెలుపు. ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకేసారి కనబడుతున్నాయంటే అది నేరుగా మీ మీదికే వస్తోందని. 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు ఇదంతా చాలా స్పష్టంగా చెబుతాయి, ఎవరు దారివ్వాలి, ఎవరు తమ దారిన తాము పోవాలి, ఎదురుపడితే ఎటు తిరగాలి, అన్నీ. అందులో అన్నిటికన్నా పాత పాఠం కంపాస్‌తో చూసేది: ఎదుటి ఓడ ఉన్న దిశ మారట్లేదు, దూరం మాత్రం తగ్గుతోంది అంటే గుద్దుకునే ప్రమాదం ఉందని అర్థం. ట్రెయినీలందరికీ ఇది నోటికొచ్చు. రాత్రి నాలుగింటికి, నిద్రకళ్లతో, రేడియోలో ఇద్దరు మాట్లాడుతుండగా, వెనకనుంచి ఒకరు ఏదో అడుగుతుండగా ఇది గుర్తొస్తుందా లేదా అన్నదే కోర్సు.

ఇక అసలు ఎక్సర్‌సైజు. సన్నటి సముద్రపాయ, తెల్లవారుజాము, నేవీ ట్రెయినీల ఫ్రిగేట్, అంటే ఒక రకం యుద్ధనౌక, దక్షిణానికి వస్తోంది, ఒడ్డున ఆయిల్ టెర్మినల్ వెలిగిపోతోంది. మేం కొందరం రెండో గదిలో ట్యాంకర్ బ్రిడ్జ్ మీద ఉన్నాం, నిండా క్రూడ్ వేసుకుని అప్పుడే టెర్మినల్ నుంచి బయల్దేరాం. డెక్ లైట్లు ఆర్పొద్దని మాకు ఇన్‌స్ట్రక్టర్ ముందే చెప్పారు, డెక్ మీద ఇంకా మనుషులు పనిచేస్తున్నట్టు లెక్క. అదే టైముకి ఫ్రిగేట్ మీద వాచ్, అంటే బ్రిడ్జ్ మీద కాపలా డ్యూటీ, మారుతోంది. దిగేవాడు ఎక్కేవాడికి అప్పజెబుతూ అటు చూపించి ఒడ్డున లైట్లు అని ఒక ముక్క చెప్పాడు, ఎక్కినవాడు ఆ ముక్కని అలాగే నమ్మాడు. మా గదిలోంచి చూస్తే వాళ్లు సూటిగా వస్తున్నారు. రేడియోలో పిలిచాం, కుడివైపు తిరగమన్నాం. కుడివైపు అడ్డంగా ఏవో ఉన్నాయి, కాసేపాగి తిరుగుతామన్నారు. ఆ అడ్డంగా ఉన్నది మేమేనని వాళ్లకి తెలియదు. అవతలి గొంతులో ఏ కంగారూ లేకపోవడం నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే విషయం.

ఇది ఎవరో కల్పించిన కథ కాదని మీలో కొందరు ఈపాటికి గుర్తుపట్టే ఉంటారు. నార్వే నేవీ ఫ్రిగేట్ హెల్గే ఇంగ్‌స్టాడ్ 2018 నవంబర్ 8 తెల్లవారుజామున 4 గంటల 1 నిమిషానికి సోలా టీఎస్ అనే ట్యాంకర్‌ని ఇలాగే గుద్దుకుంది. ఫ్రిగేట్‌లో 137 మంది ఉన్నారు, అదృష్టం బాగుండి అందరూ బతికారు, ఓడ మాత్రం మునిగింది. ఆధునిక రాడార్లు, క్షిపణులను ఎదుర్కొనే వ్యవస్థ, అన్నీ ఉన్న యుద్ధనౌక అది. నాటో విన్యాసాలు ముగించుకుని వస్తోంది. వాచ్ అప్పగింత అప్పుడే అయింది, ట్యాంకర్ డెక్ లైట్ల వెలుగులో దాని నావిగేషన్ దీపాలు విడిగా కనబడలేదు, కదిలే ఓడని ఒడ్డున ఉన్న కట్టడం అనుకున్నారు. రేడియోలో పిలుస్తున్నది ఎదురుగా వస్తున్న వేరే ఓడ అనుకున్నారు. పైగా బ్రిడ్జ్ మీద ఆ సమయంలో కొత్తవాళ్లకి ట్రెయినింగ్ కూడా నడుస్తోంది. ఈ చివరి సంగతి ఈ రివ్యూకి చాలా ముఖ్యం: ఆఫీసర్లని తయారుచేయడం అనే పనే, జాగ్రత్త లేకపోతే, ప్రమాదంలో ఒక భాగం అవుతుంది. వాచ్ చూసుకునే మనిషే పాఠం కూడా చెబుతుంటే అతని చూపు రెండుగా చీలిపోతుంది కదా.

గుద్దుకున్నాక లైట్లు వేశారు, అందరం ఆ చిన్న గదిలోకి వెళ్లాం. రీప్లే మొదలవగానే గ్రూప్ ఫొటోలో ఎవరి ముఖం వాళ్లు వెతుక్కున్నట్టు ఎవరి గొంతు వాళ్లు వింటూ కూర్చున్నారు. ఒకచోట ఇన్‌స్ట్రక్టర్ ఆపారు. గుద్దుకోవడానికి చాలా ముందు, ఫ్రిగేట్ బ్రిడ్జ్ మీద కిటికీ దగ్గర లుకౌట్‌గా (బయట ఏముందో కనిపెట్టి చెప్పే పని) నిలబడ్డ కుర్రాడు చిన్నగా అన్నాడు, "ఆ లైట్లు కదులుతున్నట్టున్నాయి." పక్కనున్నవాడు "టెర్మినల్ రా అది" అన్నాడు. అంతే, మళ్లీ ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

"నీకు ఎంత అనుమానం వచ్చింది?" అని అడిగారు.

"కొంచెమే సార్."

"కొంచెం అనుమానం వస్తే ఎంత గట్టిగా చెప్పాలి?"

వాడు ఏం చెప్పాలో తెలియక చూస్తున్నాడు. ఇన్‌స్ట్రక్టర్ కోప్పడలేదు, ఎవర్నీ తప్పు పట్టలేదు, టేపు వెనక్కి తిప్పి అదే మాట మళ్లీ వినిపించారు. ఆ మాట విన్నప్పుడు అక్కడున్న మిగతావాళ్లు ఏం చేస్తున్నారో ఒక్కొక్కరినీ అడిగారు. ఒకడు రాడార్ రేంజ్ మారుస్తున్నాడు. ఒకమ్మాయి లాగ్‌బుక్‌లో వాచ్ మారిన టైము రాస్తోంది. వాచ్ ఆఫీసర్ మాటైతే విన్నాడు కానీ అది తనకి చెప్పినట్టు అనుకోలేదు. ఎవరూ సోమరితనంగా లేరు, అందరూ పనిలోనే ఉన్నారు. వీళ్లెవరికీ రూల్ తెలియక కాదు ఇది జరిగింది. తర్వాత మరునాటినుంచి బ్రిడ్జ్ మీద ఒక చిన్న అలవాటు పెట్టారు: అనుమానం ఎవరికి వచ్చినా ముందు ఎవరికి చెబుతున్నారో వాళ్ల హోదా పిలవాలి, తర్వాత కనబడింది చెప్పాలి, అవతలివాళ్లు విన్నట్టు తిరిగి చెప్పాలి. వినడానికి చాదస్తంగా ఉంటుంది. కానీ కోర్సు చివర్లో ఆ లుకౌట్ కుర్రాడి గొంతు గది అంతా వినబడుతోంది, మొదటి రోజు వాడు మాట్లాడితే పక్కవాడికే వినబడేది కాదు.

ఇక నాకు బాగా నచ్చిన ఇంకో కిటుకు: కెప్టెన్‌ని నిద్ర లేపడం. ప్రతి ఓడలోనూ కెప్టెన్ స్టాండింగ్ ఆర్డర్స్ ఉంటాయి, ఏదైనా ఓడ ఇంతకన్నా దగ్గరికి వస్తుంటే నన్ను లేపండి, అనుమానం ఉంటే లేపండి అని. రాతలో అందరూ లేపమనే అంటారు. 2017 జూన్ 17న జపాన్ దగ్గర గుద్దుకున్న అమెరికన్ డెస్ట్రాయర్ (యుద్ధనౌక) ఫిట్జెరాల్డ్‌నీ కంటెయినర్ ఓడ ఏసీఎక్స్ క్రిస్టల్‌నీ చూడండి, ఆ రాత్రి వాచ్ ఆఫీసర్ ఆదేశాల ప్రకారం కెప్టెన్‌ని పిలవాల్సి ఉండీ పిలవలేదు. 7 మంది నావికులు పోయారు. పిలవకపోవడానికి కారణాలు చాలా ఉండొచ్చు, కానీ రాత్రిపూట పైఆఫీసర్‌ని లేపాలంటే ఉండే జంకు ఓడల మీద పనిచేసినవాళ్లందరికీ తెలుసు. ఈ కోర్సులో కెప్టెన్ పాత్ర ఒక సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ వేస్తారు, ఫోన్ ఎత్తగానే కావాలని విసుక్కుంటారు. "దీనికి కూడా నన్ను లేపాలా?" అని ఒకసారి, "నీకు రాడార్ చూడటం రాదా?" అని ఇంకోసారి. రెండో రోజుకి ట్రెయినీలు ఫోన్ చేయడం తగ్గించేశారు, స్పష్టంగా తెలిసిపోయింది. అప్పుడు రీప్లేలో ఆ విసుగుని ముందు వేసి, తర్వాత చేయకుండా వదిలేసిన ఫోన్లని ఒక్కొక్కటిగా చూపించారు. ట్రెయినీలకి చెప్పాల్సింది ఒకటి, రేపు వీళ్లే కెప్టెన్లు అవుతారు కాబట్టి ఇప్పుడే చెప్పాల్సింది ఇంకొకటి, రెండూ ఒక్క దెబ్బకి చెప్పేశారు. ఇంత తెలివైన పాఠం నేను ఏ క్లాసులోనూ చూడలేదు.

స్క్రీన్లూ బటన్ల విషయంలో కూడా మంచి పనే చేశారు. ఒక గదిలో ఇంజిన్‌ని చేత్తో పట్టుకునే లివర్లతో నడపాలి, ఇంకో గదిలో అదే పని టచ్‌స్క్రీన్ మీద చేయాలి, ఇద్దరి మధ్య కంట్రోల్ మార్చుకోవాలి. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర జాన్ ఎస్. మెకెయిన్ డెస్ట్రాయర్ మీద జరిగింది ఇదే: స్టీరింగ్ ఒకరి దగ్గర, ఇంజిన్ వేగం ఇంకొకరి దగ్గర ఉంచుదామని విడదీయబోతే స్టీరింగ్ కంట్రోల్ కూడా పక్క కన్సోల్‌కి వెళ్లిపోయింది, చక్రం పట్టుకున్నవాడు స్టీరింగ్ పోయిందనుకున్నాడు, వేగం తగ్గించబోతే ప్రొపెల్లర్లు తిప్పే రెండు షాఫ్టుల్లో ఒక్కటే తగ్గి ఓడ ఇంకా పక్కకి తిరిగింది, ఆల్నిక్ ఎంసీ ట్యాంకర్‌కి అడ్డంగా వెళ్లింది. 10 మంది చనిపోయారు. బ్రిడ్జ్ మీద వేరే ఓడ నుంచి తాత్కాలికంగా వచ్చినవాళ్లూ ఉన్నారు, వాళ్లకి ఆ కన్సోల్ మీద సరైన శిక్షణ లేదు. 2019లో అమెరికన్ నేవీ ఈ తరహా డెస్ట్రాయర్ల మీద ఇంజిన్ వేగం మార్చే టచ్‌స్క్రీన్ థ్రాటిల్స్ తీసేసి మళ్లీ చేత్తో కదిపే లివర్లు పెట్టాలని నిర్ణయించింది. కొత్తది ఎప్పుడూ మంచిదే అనుకునేవాళ్లకి ఈ ముక్క చెప్పండి. మా ఎక్సర్‌సైజులో టచ్‌స్క్రీన్ గదిలోవాళ్లందరూ తల కిందికి దించి ఉన్నారు, లివర్ల గదిలోవాళ్లు బయటికి చూస్తున్నారు. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ వ్యాఖ్యానించకుండా రెండు గదుల వీడియో పక్కపక్కన వేసి ఊరుకున్నారు.

సరే, మారుతున్న యుద్ధం సంగతికి వద్దాం, కోర్సు బ్రోషర్ మొత్తం దాని మీదే నడిపారు కాబట్టి. ఇందులో ఒక భాగం చాలా బాగుంది, ఒక భాగం తేలిపోయింది.

బాగున్నది: అబద్ధం చెప్పే యంత్రాలు. ఓడలు తమ పేరు, స్థానం, వేగం తామే ప్రసారం చేసుకునే ఏఐఎస్ అనే వ్యవస్థ ఉంది కదా, అందులో వచ్చేది నిజమో కాదో తేల్చే ఏర్పాటు ఏమీ లేదు, ఎవరేం చెబితే అదే స్క్రీన్ మీదికి వస్తుంది. 2021 జూన్‌లో బ్రిటిష్ డెస్ట్రాయర్ డిఫెండర్, డచ్ ఫ్రిగేట్ ఎవర్ట్‌సెన్ ఒడెసా రేవులో కట్టేసి ఉండగా, ఏఐఎస్‌లో మాత్రం అవి అర్ధరాత్రి బయల్దేరి రష్యన్ నౌకా స్థావరం సెవస్టోపోల్ ముంగిటకి వెళ్లినట్టు కనబడింది. రేవులోని వెబ్‌కెమెరా చూస్తే రెండూ కదలకుండా అక్కడే ఉన్నాయి. యుద్ధానికి సాకు కావాలనుకునేవాళ్లకి ఇలాంటి స్క్రీన్‌షాట్ ఒక్కటి చాలు. కోర్సులో దీని మీద ఒక ఎక్సర్‌సైజు ఉంది, ఇంకోటి జీపీఎస్ మీద. జీపీఎస్‌ది నాకు ఎక్కువ నచ్చింది, ఎందుకంటే సిగ్నల్ పోదు, అలారం మోగదు, మన స్థానం నెమ్మదిగా, చాలా మర్యాదగా పక్కకి జరుగుతూ పోతుంది. చార్ట్ మీద ఓడ కాలువ మధ్యలోనే ఉంటుంది. బయట చూస్తే లైట్‌హౌస్ ఉండాల్సిన చోట లేదు. ఒకమ్మాయి రాడార్‌లో కొండ అంచు దూరం కొలిచి, కంపాస్‌తో లైట్‌హౌస్ దిశ చూసి, కాగితం చార్ట్ మీద పెన్సిల్‌తో రెండు గీతలు గీసింది. రెండు గీతలూ కలిసిన చోటికీ స్క్రీన్ చెబుతున్న చోటికీ ఎంత తేడా ఉందో డివైడర్‌తో కొలుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడటం మానేశారు. ఆమె ఓడ ఆపింది, కెప్టెన్‌కి ఫోన్ చేసింది, ఈసారి ఆయన విసుక్కోలేదు.

దీనికి తోడుగా సెక్స్‌టెంట్ కూడా నేర్పిస్తామన్నారు, సూర్యుడో నక్షత్రమో హొరైజన్‌కి ఎంత ఎత్తులో ఉందో కోణం కొలిచి మన స్థానం తేల్చుకునే పరికరం అది. నేర్పించింది ఒక పూట. ఇది నా పెద్ద ఫిర్యాదు. అమెరికన్ నేవల్ అకాడమీ నక్షత్రాలతో నావిగేషన్‌ని 1990ల చివర్లో పక్కనపెట్టేసి, 2015లో మళ్లీ తెచ్చుకుంది, జీపీఎస్ మీద పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో అనే భయంతోనే. ఎవరూ జామ్ చేయలేనివి నక్షత్రాలే కాబట్టి. కానీ సెక్స్‌టెంట్ అనేది విని నేర్చుకునేది కాదు. కోణంలో ఒక నిమిషం తేడా అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు. గడియారంలో 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర రేఖాంశం మీద మళ్లీ ఒక మైలు. చేతులు అలవాటు పడాలంటే ఊగే డెక్ మీద, సంధ్యవేళ హొరైజన్ కనబడే ఆ కాస్త సమయంలో, మళ్లీ మళ్లీ చేయాలి. ఏసీ హాల్లో గోడకి అంటించిన సూర్యుడి బొమ్మని అద్దంలో కిందికి దించడం చూసి ట్రెయినీలు సెల్ఫీలు తీసుకున్నారు, అంతకుమించి ఏమీ కాలేదు. నేర్పితే సరిగ్గా నేర్పండి, లేకపోతే సర్టిఫికెట్‌లో ఆ లైను వేయకండి.

తేలిపోయిన భాగం డ్రోన్లు. నల్లసముద్రంలో ఏం జరిగిందో అందరం చూశాం. 2022 ఏప్రిల్ 14న రష్యన్ నల్లసముద్ర నౌకాదళానికి ఫ్లాగ్‌షిప్, అంటే ప్రధాన ఓడ, మాస్క్వా మునిగింది, 2024 ఫిబ్రవరిలో సీజర్ కునికోవ్ అనే ల్యాండింగ్ షిప్‌ని (సైన్యాన్ని ఒడ్డుకి దింపే ఓడ) మనిషి లేని చిన్న పడవలు ముంచేశాయి, చెప్పుకోదగ్గ పెద్ద యుద్ధనౌకలు లేని యుక్రెయిన్ ఇదంతా చేసింది. ఎర్రసముద్రంలో 2023 చివరినుంచి యుద్ధనౌకలు క్షిపణుల్నీ డ్రోన్లనీ గంటల తరబడి కాల్చి పడగొట్టాల్సి వచ్చింది. ఇంత సరుకు చేతిలో పెట్టుకుని వీళ్లు తయారుచేసిన ఎక్సర్‌సైజులో ఏముందయ్యా అంటే, ఎడమవైపునుంచి మూడు చుక్కలు వస్తాయి, కంప్యూటర్ గొంతు శత్రువు అని చెబుతుంది, బటన్ నొక్కాలి, నొక్కితే పేలతాయి. రెండోసారి కూడా ఎడమవైపునుంచే వచ్చాయి. మూడోసారి ఒక ట్రెయినీ ముందే అటు తిరిగి నిలబడ్డాడు, అందరూ నవ్వారు, ఇన్‌స్ట్రక్టర్ కూడా.

అసలు కష్టం ఆ చుక్క ఏమిటో తేల్చుకోవడంలో ఉంటుంది, చేపల పడవా, ఖాళీ పడవా, స్మగ్లరా, పేలుడు పదార్థమా, మన విమానమా. 2024 డిసెంబర్ 22న ఎర్రసముద్రంలో అమెరికన్ క్రూయిజర్ (పెద్ద యుద్ధనౌక) గెటిస్‌బర్గ్ తమ సొంత ఎఫ్ఏ-18 ఫైటర్‌నే కూల్చేసింది, లోపలున్న ఇద్దరూ బయటికి ఎగిరి బతికారు. ప్రపంచంలోకెల్లా మంచి పరికరాలున్నవాళ్లకే ఇలా జరిగింది. కాబోయే ఆఫీసర్‌కి కాల్చడం ఎలాగో తర్వాతైనా నేర్పొచ్చు, కాల్చకుండా ఇంకో పది సెకన్లు ఆగాలా వద్దా అన్నది, ఆగితే ఏమవుతుందో, ఆగకపోతే ఏమవుతుందో రెండూ తన నెత్తినే ఉంటాయన్నది ఇలాంటి చోట కదా నేర్పాలి! ఢీకొనే ఎక్సర్‌సైజులో అంత బాగా చేసినవాళ్లు ఇక్కడ వీడియో గేమ్ పెట్టి చేతులు దులిపేసుకున్నారు. దీనికి రీప్లే కూడా సరిగ్గా పెట్టలేదు, టైమ్ అయిపోయిందన్నారు. రాత్రంతా మేలుకున్నాక చేయాల్సి వస్తే ఎలా ఉంటుందో కూడా ఎక్కడా లేదు, అన్నీ భోజనం చేసొచ్చి తీరిగ్గా చేసినవే.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ యుద్ధం అయ్యాక ఒక సంగతి చెప్పారు, నేవల్ వార్ కాలేజీలో ముందే ఆడిన యుద్ధపు ఆటల వల్ల యుద్ధంలో దాదాపు ఏదీ తమకి ఆశ్చర్యంగా అనిపించలేదని, చివర్లో వచ్చిన కమికాజీ దాడులు (జపాన్ పైలట్లు విమానాలతో సహా ఓడల్ని గుద్దే ఆత్మాహుతి దాడులు) తప్ప. అంటే బల్ల మీద ఆట కూడా సరిగ్గా ఆడితే చాలా దూరం తీసుకెళుతుంది, పెద్ద తెర కూడా అవసరం లేదు. కానీ ఆటలో అవతలివైపు బుర్ర ఉన్న మనిషి కూర్చుని మనల్ని ఓడించడానికి చూడాలి. మమ్మల్నే కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది, మర్చంట్ వాళ్లం సాయంత్రాలు ఖాళీగానే ఉన్నాం, వాళ్ల ఓడని ముంచడానికి ఉత్సాహంగా కూడా ఉన్నాం.

నిమిట్జ్ పేరు ఎత్తాను కాబట్టి మార్కుల గొడవ కూడా చెప్పాలి. ఆయన 1908లో కుర్ర ఆఫీసర్‌గా ఫిలిప్పీన్స్‌లో డికేటర్ అనే డెస్ట్రాయర్‌ని బురదగట్టు మీదికి ఎక్కించారు, కోర్ట్ మార్షల్ అయింది, మందలింపుతో బయటపడ్డారు. తర్వాత సంగతి తెలిసిందే. ఈ కోర్సులో ఓడ నేలకి తగిలితే మార్కులు సగం పోతాయి, గుద్దుకుంటే సున్నా. ఫలితం ఏమిటంటే, చివరి రోజుల్లో అందరూ సేఫ్‌గా ఆడటం మొదలుపెట్టారు, ఎవరూ ఓడని దాని హద్దులదాకా తీసుకెళ్లి చూడలేదు. పొరపాటు చేసినా ఎవరూ చావని ఒకే ఒక్క చోట పొరపాటు చేయడానికి భయపడేలా చేస్తే ఇంత ఖర్చుపెట్టి ఈ గది కట్టడం దేనికి? పక్క గదిలో ఎవర్నీ తప్పు పట్టకుండా అంత ఓపిగ్గా మాట్లాడిన మనిషే సాయంత్రానికి ఎర్ర సిరాతో సున్నాలు వేస్తుంటే ట్రెయినీలు దేన్ని నమ్మాలి? మార్కులు వేయాలంటే చివరి ఒక్క ఎక్సర్‌సైజుకి వేసుకోండి, మిగతావి వదిలేయండి. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాశాను, ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా రాశారని విన్నాను.

కోర్సుకి ముందు ఇచ్చే ఆన్‌లైన్ పాఠాల గురించి ఎక్కువ చెప్పను. నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడమే, ప్రశ్నలకి జవాబులు ఎవరో గ్రూప్‌లో పెట్టేశారు. అమెరికన్ నేవీ 2003లో కొత్త సర్ఫేస్ ఆఫీసర్లకి, అంటే నీటి మీద తిరిగే యుద్ధనౌకల ఆఫీసర్లకి, ఇచ్చే నెలల తరబడి క్లాసులు ఆపేసి, సీడీలు చేతికిచ్చి ఓడల మీదికి పంపేసింది, ఓడ మీదే నేర్చుకుంటారులే అని. చాలా ఏళ్లకి మళ్లీ క్లాసులు పెట్టాల్సి వచ్చింది. డబ్బు మిగిల్చాలని చేసే పనులు ఏ దేశంలోనైనా ఇలాగే ఉంటాయి. రూల్స్ మాత్రం ఆ స్లైడ్‌లని నమ్ముకోకుండా ముందే పుస్తకంలో చదువుకుని వెళ్లండి, ముఖ్యంగా దీపాలు, సౌండ్ సిగ్నళ్లు, దారివ్వాల్సిన సందర్భాలు. అక్కడ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

ఇన్‌స్ట్రక్టర్లు అందరూ ఒకేలా లేరు. ఒకాయన తన పాత రోజుల కథలు చెబుతూ ఎక్సర్‌సైజు మధ్యలోనే ఆపేసేవారు, కథలు బాగుంటాయి కానీ మన వంతు పోతుంది. బ్యాచ్ పెద్దదైతే వెనక నిలబడి చూడటమే ఎక్కువ అవుతుంది, కాబట్టి ఒక్కొక్కరికి వాచ్ ఆఫీసర్‌గా ఎన్నిసార్లు అవకాశం వస్తుందో ముందే కనుక్కోండి. పరికరాలు పాతవా కొత్తవా అన్నది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, రాడార్ ఏ కంపెనీదైనా అర్థం చేసుకోవాల్సింది ఒకటే. ఐదు స్టార్లలో మూడున్నర ఇస్తాను, ఆ పక్క గది ఒక్కదానికే అయితే ఐదూ ఇచ్చేవాణ్ణి. చేరే ముందు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: ఎక్సర్‌సైజు ఎంతసేపో రీప్లే కూడా అంతసేపు పెడతారా అని. టైమ్ ఉంటే చూపిస్తాం అన్నారంటే ఇంకోచోట వెతుక్కోండి.